స్క్వాట్ పెరుగుతూనే ఉంది, ప్రెస్ ఆగిపోయింది: కొత్తవాళ్లలో కాళ్లకీ చేతులకీ ఇంత తేడా ఉంటుందా?

కొత్తబార్

అందరికీ నమస్తే. బార్‌బెల్‌తో కొన్ని నెలల క్రితం మొదలుపెట్టాను. ఒంటి బరువు 62 కేజీలు. వారానికి 3 రోజులు, ప్రతిదీ 3 సెట్లు, సెట్‌కి 5 రెప్‌లు (అంటే వరసగా 5 సార్లు లేపడం). ప్రస్తుతం స్క్వాట్ (బార్ వీపు మీద పెట్టుకుని కిందకి దిగి లేవడం) 60, డెడ్‌లిఫ్ట్ (నేల మీంచి బార్ లేపడం) 75, బెంచ్ (పడుకుని ఛాతీ మీంచి తోయడం) 37.5, ఓవర్‌హెడ్ ప్రెస్ (నిలబడి తల పైకి తోయడం) 25 కేజీలు.

స్క్వాట్, డెడ్‌లిఫ్ట్‌లకి వెళ్లిన ప్రతిసారీ 2.5 కేజీలు కలుపుతున్నా ఇబ్బంది లేదు. ప్రెస్‌కి 27.5 పెడితే మాత్రం మూడో రెప్ దగ్గరే బార్ నుదుటి ముందు ఆగిపోతోంది. బెంచ్ 40 దగ్గరా ఇదే వరస.

ఇంత తేడా మామూలేనా? పై భాగం కోసం ఇంకో రోజు కలపాలా? జిమ్‌లో అడిగితే చెస్ట్‌కి ఒక రోజు, షోల్డర్స్‌కి ఒక రోజు, ట్రైసెప్స్‌కి ఒక రోజు పెట్టమంటున్నారు. చేతులు అందుకునేదాకా స్క్వాట్ ఆపేయమని ఒకాయన సలహా. ఏది నమ్మాలో తెలియడం లేదు.

---

ఇనుపకొలత

తేడా మామూలే. మీ చేతులు వెనకబడ్డాయని కూడా అనలేం. జిమ్ముల్లో చాలాకాలంగా ఒక మోటు లెక్క నడుస్తోంది: ప్రెస్, బెంచ్, స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ వరసగా 2 : 3 : 4 : 5. మీ ప్రెస్ 25, బెంచ్ 37.5, అంటే అచ్చం 2 : 3. ఆ లెక్కలో స్క్వాట్ 50, డెడ్‌లిఫ్ట్ 62.5 రావాలి. మీవి 60, 75. కాళ్లు కాస్త ముందుకు ఉరికాయి, అంతే. కొత్తలో ఎక్కువమందికి ఇలాగే ఉంటుంది. పైగా ఇది శాసనమేమీ కాదు. చేతులు పొడుగున్న మనిషికి డెడ్‌లిఫ్ట్‌లో బార్ తక్కువ దూరం లేస్తుంది, బెంచ్‌లో ఎక్కువ దూరం ప్రయాణిస్తుంది. ఆ ఒక్క కారణంతోనే నిష్పత్తి అటూ ఇటూ అవుతుంది.

అసలు తిరకాసు ప్లేట్లలో ఉంది. జిమ్‌లో అన్నిటికన్నా చిన్న ప్లేటు 1.25 కేజీలు. రెండువైపులా వేస్తే 2.5. స్క్వాట్ 60 నుంచి 62.5కి వెళ్తే పెరిగింది 4 శాతం. ప్రెస్ 25 నుంచి 27.5కి వెళ్తే 10 శాతం! ఒకే ప్లేటు, ఒకే మనిషి, కానీ భుజాల మీద పడే పెంపు రెండింతలకు మించి ఉంది.

నిజానికి తేడా ఇంకా పెద్దది. స్క్వాట్‌లో బార్‌ని మాత్రమే లేపడం లేదు, మీ ఒంటిని కూడా లేపుతున్నారు. మోకాళ్ల కింది భాగం దాదాపు కదలదు కాబట్టి దాన్ని తీసేస్తే ఒంటి బరువులో 88 శాతం దాకా పైకి రావాలి. మీ 62లో అది దాదాపు 54 కేజీలు. అంటే కాళ్లు మోస్తున్న మొత్తం 114. దాని మీద 2.5 అంటే 2 శాతం పైచిలుకు. ప్రెస్‌లో బార్‌తో పాటు లేచేది మీ చేతులు మాత్రమే, రెండూ కలిపి ఓ 6 కేజీలు. మొత్తం 31. దాని మీద 2.5 అంటే 8 శాతం. ప్రెస్‌ని కూడా స్క్వాట్ పెంచినంత మెల్లగా పెంచాలంటే ఒక్కో మెట్టు 0.75 కేజీకి మించకూడదు. ఇప్పుడు చెప్పండి, భుజాలదా తప్పు?

కాబట్టి రెండు దారులున్నాయి. 0.25, 0.5 కేజీల చిన్న ప్లేట్లు దొరికితే ప్రెస్‌కి 0.5 నుంచి 1 కేజీ, బెంచ్‌కి 1 కేజీ చొప్పున పెంచండి. దొరక్కపోతే బరువు ముట్టుకోకుండా రెప్‌లు పెంచండి. ఎన్ని రెప్‌ల దాకా అంటే దానికీ లెక్క ఉంది. బరువుని (1 + రెప్‌లు ÷ 30) తో గుణిస్తే ఒక్క రెప్‌లో గరిష్ఠంగా ఎంత లేపగలరో ఉజ్జాయింపుగా వస్తుంది. 27.5 ని 5 సార్లు అంటే 32.1. 25ని 8 సార్లు అంటే 31.7. అంటే 25తో మూడు సెట్లలోనూ 8 రెప్‌లు శుభ్రంగా పడ్డాక 27.5తో 5 పడే అవకాశం బాగా ఉంది. బెంచ్‌కి 37.5తో 7 చాలు, 8 అయితే నిశ్చింత.

ఈ లెక్క 10 రెప్‌లు దాటాక తప్పుతుంది, అక్కడ వాడొద్దు.

---

చాక్‌పొడి

పైన చెప్పిన లెక్క కరెక్ట్. అయితే నుదుటి ముందు ఆగిపోతోంది అన్నారు చూడండి, అది వేరే కథ. ప్రెస్ అక్కడ ఆగితే చాలామందికి బార్ ముందుకు జారిపోయిందనే అర్థం.

బార్ మొహాన్ని తప్పించుకోవాలి కదా. కొత్తవాళ్లు మొహాన్ని పక్కకి తీయరు, బార్‌నే మొహం చుట్టూ తిప్పుతారు. బార్ 5 సెంటీమీటర్లు ముందుకు పోతే భుజం నుంచి బార్‌కి ఉన్న అడ్డ దూరం పెరుగుతుంది, అదే 27.5 కేజీలు భుజానికి ఇంకా ఎక్కువ బరువుగా తగులుతాయి. ఫోన్‌ని పక్క నుంచి, భుజం ఎత్తులో పెట్టి ఒక సెట్ తీయండి. వీడియోలో బార్ చివర ఏ గీత గీస్తోందో చూడండి. నిలువు గీత రావాలి, పాదం మధ్య భాగానికి సూటిగా పైన. విల్లులా వంగితే మీ సమస్య బలం కాదు.

సరిచేసుకునే వరస ఇది. పట్టు భుజాల కన్నా ఒక అంగుళం బయటకి. ఎదురు నుంచి చూస్తే ముంజేతులు నిలువుగా ఉండాలి. బార్ వేళ్ల మొదట్లో కాదు, అరచేతి మడమ మీద, అంటే మణికట్టు ఎముకకి సూటిగా పైన కూర్చోవాలి. లేకపోతే మణికట్టు వెనక్కి విరిగి, కొంత బలం అక్కడే పోతుంది. మోచేతులు బార్ కన్నా పిసరంత ముందుకి. ఊపిరి నిండా పీల్చి పొట్ట బిగించండి, పిరుదులు బిగించండి. గడ్డం లోపలికి లాగి తలని వెనక్కి తీయండి, బార్ ముక్కుకి రాసుకుంటుందేమో అన్నంత దగ్గరగా పోవాలి. బార్ నుదురు దాటగానే తలని చేతుల మధ్యలోకి తోయండి. పైన మోచేతులు పూర్తిగా చాచి, భుజాల్ని చెవుల వైపు లేపండి.

బరువెక్కేకొద్దీ నడుం వెనక్కి వాలడం మొదలవుతుంది. అప్పుడు ప్రెస్ కాస్తా నిలబడి చేసే ఇంక్లైన్ బెంచ్ (ఏటవాలు బెంచ్ మీద వాలి తోయడం) అయిపోతుంది. ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో 1972 మ్యూనిక్ దాకా ప్రెస్ కూడా ఉండేది. ఆ తర్వాత తీసేశారు. ఎవరు ఎంత వాలారో జడ్జీలు ఒకేలా తేల్చలేకపోవడం దానికి ఒక పెద్ద కారణం. ఆ స్థాయి వాళ్లకే తప్పలేదు, కొత్తవాళ్లకి వాలకుండా ఉంటుందా. నడుం కింది భాగంలో నొక్కినట్టు అనిపిస్తే ఆ సెట్ అక్కడే ఆపండి.

బెంచ్ విషయానికొస్తే, ఎక్కడ ఆగుతోందో రాయలేదు. ఛాతీ మీద నుంచి రెండు మూడు అంగుళాల్లోనే ఆగితే సాధారణంగా రెండు కారణాలు. ఒకటి, రెక్క ఎముకలు వెనక్కి లాగి బెంచ్‌కి అదిమి పెట్టకపోవడం. భుజాలు ముందుకు జారితే ఛాతీ కండరానికి పని తగ్గి భుజం ముందు భాగానికి పెరుగుతుంది. రెండు, బార్‌ని మెడ వైపు దించడం. దించాల్సింది ఛాతీ కింది భాగానికి, మోచేతులు ఒంటికి 45 నుంచి 70 డిగ్రీల మధ్యలో ఉండాలి. 90 డిగ్రీలు తెరిచి చేస్తే భుజం నొప్పి వచ్చే అవకాశం ఎక్కువ. పాదాలు నేల మీద గట్టిగా, బొటనవేలు బార్ చుట్టూ. బొటనవేలు చుట్టకుండా పట్టుకునే స్టైల్ జోలికి అసలు పోవద్దు, బార్ జారితే పడేది ఛాతీ మీదే.

చెస్ట్ డే, షోల్డర్ డే గొడవ ఇప్పుడు వద్దు. కొత్తవాళ్లకి ఒక కదలికని వారానికి 2 లేదా 3 సార్లు చేయడమే పని చేస్తుంది, ఎందుకంటే మొదటి నెలల్లో పెరిగే బలంలో చాలా భాగం కండ పెరిగి కాదు, నాడులు ఆ కదలికని నేర్చుకోవడం వల్ల వస్తుంది. వారానికి ఒక్కసారి ప్రెస్ చేస్తే నేర్చుకునేది ఎప్పుడు?

---

సగంస్క్వాట్_వద్దు

అన్నా, చేతుల గురించి అందరూ చెప్పేశారు. నాకు మీ స్క్వాట్ మీదే అనుమానం. 😄

కాళ్లకీ చేతులకీ తేడా మరీ ఎక్కువ కనబడే చోట స్క్వాట్ లోతు చూడటం మొదటి పని. సగం దాకా దిగి లేస్తే బరువు ఎంతైనా లేస్తుంది, ఎందుకంటే కష్టమైన కోణం దాకా వెళ్లనే లేదు. ఫోన్ తుంటి ఎత్తులో, సరిగ్గా పక్కన పెట్టి తీయండి. పై నుంచి గానీ ముందు నుంచి గానీ తీస్తే లోతు తెలియదు. కింద ఉన్నప్పుడు తుంటి దగ్గర పడే మడత మోకాలి పై అంచు కన్నా కిందకి రావాలి. సమానం కాదు, కిందకి.

రాలేదా, 10 నుంచి 15 శాతం తగ్గించండి. మీ 60 నుంచి 52.5కి రండి. లోతుతో మళ్లీ ఎక్కుతూ రండి, ఎక్కువ కాలం పట్టదు. వచ్చిందా, అయితే నా అనుమానం వెనక్కి తీసుకుంటున్నా.

లెగ్ ప్రెస్‌తో పోల్చుకుని కంగారుపడేవాళ్లు కూడా ఉంటారు కాబట్టి అది కూడా చెప్పేస్తా. 45 డిగ్రీల ఏటవాలు మెషీన్‌లో 120 కేజీలు పెడితే కాళ్ల మీద పడేది 120 కాదు, దాని 0.7 వంతు, దాదాపు 85. దానికి స్లెడ్ (మెషీన్‌లో ప్లేట్లు పెట్టే జారుడు బండి) సొంత బరువు కూడా అదే వాటాలో కలుస్తుంది. పైన చెప్పిన లెక్కలో 60 కేజీల స్క్వాట్‌కి కాళ్లు మోసేది 114. స్లెడ్‌ని కలిపి చూస్తే రెండూ ఇంచుమించు ఒక్కటే. పైగా స్క్వాట్‌లో నడుమూ వీపూ కూడా పని చేయాలి.

స్క్వాట్ ఆపేయమన్న ఆయన మాట మాత్రం వినొద్దు. కాళ్ల వ్యాయామం ఆపినంత మాత్రాన చేతులకి బలం రాదు.

---

కొత్తబార్

చాలా థాంక్స్ అండీ. ఇవాళ వీడియో తీసి చూశాను. స్క్వాట్ లోతు సరిపోయింది. ప్రెస్‌లో బార్ ముందుకి పోతున్నది నిజమే, ఎడమ చేయి కూడా కొంచెం ఆలస్యంగా చాచుకుంటోంది. ఎడమా కుడీ తేడా కోసం డంబెల్స్‌కి మారాలా?

---

చాక్‌పొడి

ఒక పిసరు తేడా అందరికీ ఉంటుంది, దాని కోసం బార్ వదలక్కర్లేదు. ముందు చేతులు బార్ మీద మధ్య నుంచి సమాన దూరంలో ఉన్నాయో లేదో చూడండి. బార్ మీద నున్నటి గీతలుంటాయి, రెండు చేతుల చిటికెన వేలో చూపుడు వేలో వాటికి ఒకే దూరంలో పెట్టండి. చాలాసార్లు తేడా అక్కడే పోతుంది.

అప్పటికీ ఉంటే ప్రెస్ అయ్యాక ఒక చేత్తో డంబెల్ ప్రెస్ 2 సెట్లు కలపండి. ఎడమ చేత్తో మొదలుపెట్టండి, ఎడమ ఎన్ని చేస్తే కుడి అన్నే. కుడికి ఇంకా ఓపిక ఉందని ఎక్కువ చేయొద్దు.

మొత్తంగా డంబెల్స్‌కి మారితే ఇంకో చిక్కు. 10 కేజీల జత తర్వాత చాలాచోట్ల 12.5 జతే ఉంటుంది. అది 25 శాతం దూకుడు. పైన ప్లేట్ల గురించి చెప్పిన సమస్యే, ఇంకా ముదిరి వస్తుంది.

---

లెవెల్_జీరో

ఇదే టాపిక్ కాబట్టి ఇక్కడే అడుగుతున్నా. నేను అమ్మాయిని, 54 కేజీలు. స్క్వాట్ 45 వస్తోంది. బెంచ్ 22.5 దగ్గరుంది. ఓవర్‌హెడ్ ప్రెస్‌కి 20 కేజీల ఖాళీ బారే రెండు రెప్‌లు కూడా పడటం లేదు. పుష్-అప్ ఒక్కటీ రాదు. బార్ కన్నా తక్కువ బరువు ఎలా పెట్టాలి? అందరూ 2 : 3 : 4 : 5 అంటుంటే నా లెక్క ఎక్కడా కుదరడం లేదు.

---

ఇనుపకొలత

కుదరకపోవడమే సహజం అండీ, ఆ మోటు లెక్క ఎక్కువగా మగవాళ్ల అంకెల మీద నడిచినది. మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్ల కాళ్ల బలం సగటున మూడింట రెండు వంతుల దగ్గర ఉంటుంది. పై భాగం బలం సగం కన్నా కాస్తే ఎక్కువ. కండ పంపకమే అలా ఉంటుంది, భుజాల్లో, చేతుల్లో తేడా ఎక్కువ. కాబట్టి ఆడవాళ్లలో కాళ్లకీ చేతులకీ మధ్య దూరం ఇంకాస్త పెద్దదిగా కనబడుతుంది. కానీ శాతాల్లో చూస్తే పెరిగే వేగం ఇద్దరిదీ ఇంచుమించు ఒక్కటే. మీ 22.5 బెంచ్, 45 స్క్వాట్ చూసి కంగారు పడాల్సింది ఏమీ లేదు.

పుష్-అప్ ఎందుకు రావడం లేదో కూడా లెక్కలోనే ఉంది. పూర్తి పుష్-అప్‌లో చేతుల మీద పడేది ఒంటి బరువులో దాదాపు మూడింట రెండు వంతులు, మీకు 36 కేజీలు. కిందకి దిగినప్పుడు అంతకన్నా ఎక్కువే. మీ బెంచ్ 22.5. ఇంకెలా వస్తుంది? మోకాళ్ల మీద చేస్తే సగం చుట్టుపక్కల, అంటే 27. అది కూడా మీ బెంచ్ కన్నా పైనే.

అందుకే ర్యాక్‌లో (బార్‌ని ఆనించే, రంధ్రాలున్న స్టాండ్) బార్ పెట్టి, దాని మీద చేతులుంచి ఏటవాలుగా చేయండి. ఛాతీ ఎత్తుతో మొదలుపెట్టి, 3 సెట్లు 8 చొప్పున వచ్చాక ఒక రంధ్రం కిందకి దించండి. ర్యాక్ రంధ్రాలే మీ చిన్న ప్లేట్లు. బార్ ర్యాక్‌లో ముందుకు దొర్లకుండా హుక్‌లకి ఆనేలా, మీరు తోసే వైపు అడ్డు ఉండేలా పెట్టుకోండి. మడమ నుంచి తల దాకా ఒకే గీత, నడుం కుంగకూడదు.

ప్రెస్‌కి ముందు 15 కేజీల బార్ అడగండి. ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ బార్ 15 కేజీలే ఉంటుంది, దాని మందం 25 మిల్లీమీటర్లు, 20 కేజీల బార్ 28. చిన్న చేతికి పట్టు కూడా బాగా దొరుకుతుంది. అది లేకపోతే 10 కేజీల ఫిక్స్‌డ్ బార్ (బరువు మార్చలేనిది), లేదా 5 కేజీల డంబెల్ జత. 10 మొత్తంతో 3 సెట్లు 8 దగ్గర మొదలుపెట్టి 12 దాకా తీసుకెళ్లి అప్పుడు పెంచండి.

---

పిన్ను_ఎత్తు

పై వాటికి తోడు లాగే వ్యాయామాలు మరిచిపోకండి. బెంచ్, ప్రెస్ రెండూ తోసేవే. తోసినన్ని సెట్లు లాగాలి కూడా, బార్‌బెల్ రో గానీ, కేబుల్ రో గానీ. వీపు పై భాగం బలంగా లేకపోతే బెంచ్‌లో రెక్క ఎముకలు వెనక్కి నిలబెట్టుకోవడం కష్టం. చిన్-అప్ రానివాళ్లు పెట్టె ఎక్కి గడ్డం బార్ పైన ఉండేలా పట్టుకుని 5 సెకన్లలో మెల్లగా దిగండి. 3 సెట్లు, సెట్‌కి 3 నుంచి 5. దిగడం మీ చేతుల్లో లేకుండా ధబ్బున జారిపోతున్న రెప్ దగ్గర సెట్ ఆపేయాలి.

ఇంకోటి, తిరగబడిన కేసు గురించి ఎవరూ రాయలేదు. బెంచ్ 60, స్క్వాట్ 50 ఉన్నవాళ్లు జిమ్ములో తక్కువేమీ కాదు. కాళ్ల వ్యాయామం ఎగ్గొట్టినవాళ్లు కొందరు. మిగతావాళ్లలో చాలామందికి కాళ్లు బలంగానే ఉంటాయి, చీలమండ బిగుసుకుపోయి ఉంటుంది. లోతుకి వెళ్లగానే మడమ లేస్తుంది, ఒళ్లు ముందుకు వాలిపోతుంది, నడుం భారమంతా మోస్తుంది. పరీక్ష సులువు: గోడకి ఎదురుగా నిలబడి, బొటనవేలు గోడకి 10 సెంటీమీటర్ల దూరంలో పెట్టి, మడమ లేపకుండా మోకాలిని గోడకి తాకించండి. తాకకపోతే చీలమండే అడ్డు. ప్రస్తుతానికి మడమల కింద ఒక్కో 1.25 ప్లేటు పెట్టుకుని డంబెల్‌ని ఛాతీకి ఆనించి పట్టుకుని గోబ్లెట్ స్క్వాట్ చేయండి. చీలమండ పని మీద రోజూ కొంచెం సేపు పెట్టండి. మెత్తటి రన్నింగ్ షూస్‌తో మాత్రం బార్‌బెల్ స్క్వాట్ చేయొద్దు, అడుగు నొక్కుకుపోయి ఒళ్లు ఊగుతుంది.

మూడో కారణం భయం. కింద నుంచి లేవలేకపోతే ఏమవుతుందో తెలియనివాడు లోతుకి వెళ్లడు. ఖాళీ బార్‌తో పూర్తి లోతుకి దిగి చూసుకుని, బార్ కన్నా ఒక అంగుళం కింద సేఫ్టీ పిన్నులు (బార్ పడితే ఆపే ర్యాక్ అడ్డ కడ్డీలు) పెట్టండి. కావాలనే ఒకసారి ఖాళీ బార్‌ని పిన్నుల మీద వదిలి చూడండి. వదలడం అలవాటైతే భయం పోతుంది.

ఆర్డర్ గురించి కూడా ఒక మాట. పై భాగం ఆగిపోయినవాళ్లు ప్రెస్ లేదా బెంచ్‌ని స్క్వాట్ కన్నా ముందు చేయండి. తాజాగా ఉన్నప్పుడు చేసిన దానికే ఎక్కువ ఫలితం.

---

చాక్‌పొడి

ఈ చివరి దాంతో నేను ఏకీభవించను. స్క్వాట్ తర్వాత బెంచ్ చేస్తే పెద్దగా నష్టం లేదు, పడుకునే చేస్తాం కదా. ప్రెస్ మాత్రం నిలబడి చేయాలి, నడుం అలిసి ఉంటే తేడా వస్తుంది. కానీ ప్రెస్ ముందు చేసి, రెండు చేతులూ అలిసిపోయాక స్క్వాట్‌కి బార్ వీపు మీద పట్టుకుంటే భుజాలు గోల చేస్తాయి. నేనైతే స్క్వాట్ ముందే ఉంచి, ప్రెస్ ముందు 4 నిమిషాలు ఆగమంటాను. అసలు ఎక్కువమందికి ఆర్డర్ సమస్య కాదు, రెస్ట్ సమస్య. సెట్ మధ్య 60 సెకన్లు ఆగి రెండో సెట్‌లో ఆగిపోయింది అంటారు. బరువైన 5 రెప్‌ల సెట్‌కి స్క్వాట్‌లో 3 నుంచి 5 నిమిషాలు, ప్రెస్‌లో కనీసం 3.

---

పిన్ను_ఎత్తు

రెస్ట్ మాట ఒప్పుకుంటా. ఆర్డర్ మాట కాదు 🙂. వారానికి 3 రోజులు చేసేవాళ్లు ఒక రోజు ప్రెస్ ముందు, ఇంకో రోజు స్క్వాట్ ముందు పెట్టి ఏ రోజు రెప్‌లు ఎక్కువ పడుతున్నాయో రాసుకుంటే తేలిపోతుంది.

---

కొత్తబార్

అందరికీ థాంక్స్. 25తోనే ఉండి 8 రెప్‌ల దాకా తీసుకెళ్తాను. చివరిగా ఒకటి. మా జిమ్‌లో 1.25 కన్నా చిన్న ప్లేట్లు లేవు. వేరే ఏదైనా కట్టుకోవచ్చా? స్పాటర్ (బార్ ఆగిపోతే అందుకునే మనిషి) లేకుండా బెంచ్‌లో 40 ప్రయత్నించడం గురించి కూడా చెప్పండి.

---

ఇనుపకొలత

కట్టుకోవచ్చు. చీలమండకి కట్టే 0.5 కేజీల వెయిట్ జతని కాలర్ (ప్లేట్లు జారకుండా బిగించే క్లిప్) బయట, బార్ రెండు చివర్ల చుట్టూ బిగించి చుట్టండి, ఊగకూడదు. అయస్కాంతం ఉన్న చిన్న వెయిట్‌లు ఇనుప ప్లేటుకి అతుక్కుంటాయి, రబ్బర్ పూత ఉన్న ప్లేటుకి అతుక్కోవు. ఏది వాడినా వంటింటి త్రాసు మీద రెండువైపులవీ తూచి సమానంగా ఉన్నాయో లేదో చూడండి. కాలర్ల బరువు కూడా లెక్కలో వేయండి. స్ప్రింగ్ కాలర్లు తేలికే, కానీ పోటీల్లో వాడే కాలర్ ఒక్కోటి 2.5 కేజీలు. ఒక రోజు అవి, ఇంకో రోజు ఇవి వాడితే 5 కేజీల దాకా తేడా వచ్చి, బలం పడిపోయిందని బాధపడతారు.

పాత జిమ్ ప్లేట్ల మీద రాసిన అంకె, అసలు బరువు ఒకటి కాకపోవచ్చు. ప్రెస్ లాంటి తేలిక లిఫ్ట్‌కి ఆ చిన్న తేడా కూడా పెద్దదే. వీలైతే ప్రతిసారీ అదే బార్, అదే ప్లేట్ల జత తీసుకోండి, సుద్దతో గుర్తు పెట్టుకున్నా తప్పు లేదు.

బెంచ్ 40కి బెంచ్‌ని పవర్ ర్యాక్ లోపలికి లాగి పిన్నులు పెట్టండి. ఎత్తు ఎలా చూడాలంటే, వీపు విల్లులా పెట్టి ఛాతీ ఉబ్బించినప్పుడు బార్ పిన్నులకి తగలకూడదు, ఊపిరి వదిలి ఛాతీ చదును చేయగానే బార్ పిన్నుల మీద ఆగాలి. ముందు ఖాళీ బార్‌తో చూసుకోండి. రంధ్రాల మధ్య దూరం ఎక్కువై ఆ ఎత్తు కుదరకపోతే బెంచ్ కింద ఒక రబ్బర్ మ్యాట్ వేసి ఎత్తు సరిచేయండి, బెంచ్ ఊగకుండా చూసుకోండి. పిన్నులు లేని చోట, స్పాటర్ లేకపోతే కాలర్లు పెట్టొద్దు. ఆగిపోతే ఒక పక్కకి వంచి ప్లేట్లు జారిపోనివ్వాలి. పక్కన మనుషులుంటే అదీ ప్రమాదమే, అప్పుడు 40 జోలికి పోకుండా 37.5తో రెప్‌లే పెంచండి.

వార్మప్ 20తో 8, 27.5తో 5, 35తో 2, ఆపైన 40. 40తో మొదటి సెట్‌లో 4 మాత్రమే పడితే రెండో సెట్‌కి మళ్లీ 37.5కి దిగి 6 కొట్టండి, వరసగా మూడు సెట్లూ ఫెయిల్ అవుతూ కూర్చోవద్దు. భుజం ముందు భాగంలో గుచ్చినట్టు నొప్పి గానీ, వేళ్లు తిమ్మిరెక్కడం గానీ ఉంటే తోసే వ్యాయామాలు ఆపి డాక్టర్‌కి చూపించండి.